లెక్కల సారు కోసం

మా ముత్తాత మూడు ఊళ్లకు శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. మా తాత కబురు పంపితే తహసీల్దారు మర్నాటికల్లా మా అరుగు మీద ఉండేవాడు. నాకు మిగిలింది ఇంటిపేరు.

రెండువేల ఆరు ప్రాంతంలో, భద్రాచలం వెళ్లే అడవి దారిలో యూనిఫారాల పిల్లలు రోడ్డుకు అడ్డంగా కూర్చుని మా బస్సును ఆపారు. ఏడాదిగా వాళ్ల బడికి లెక్కల సారు లేడట.

“బడి ఎగ్గొట్టి కూసుంటే సర్కారు పడిపోతదా ఏంది?” అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది.

ముందు కూర్చున్న పదో తరగతి పిల్ల తలెత్తింది. “సర్కారు పడుడెందుకన్నా? సారును పంపితే చాలు. లెక్కల్ల ఫెయిలైతే మా ఇంట్ల నన్ను మిరప కూలికి తోలుతరు.”

నాకు ఒళ్లు మండింది. ఓట్లున్న మేమంతా నోరు మూసుకుంటే, ఓటు లేని పిల్లలు అడుగుతున్నారు. దానికి నవ్వులా? నేను బస్సు దిగాను. ఆ పిల్ల పక్కకు జరిగి, అరచేత్తో దుమ్ము తుడిచి, “కూసో తాతా” అంది. మా వంశంలో నడిరోడ్డు మీద కూర్చున్న మొదటివాణ్ణి నేనే.

ఆ సమ్మెతో ఏం మారిందని కొందరు ఇప్పటికీ అడుగుతారు. ఆ మాట అడగాల్సింది పిల్లల్ని కాదు. లెక్కల సారును పంపనే లేదు. మరుసటి ఏడు పిల్లలు తగ్గారని బడి మూసేసి, బల్లలూ తలుపులూ వేలంలో అమ్మేశారు.