ఖాళీ కాని గడులు

ఆ దినం డైరీలో నేను రాసిన మొదటి మాట తప్పు. "ఉదయం పదకొండు. ఎల్లారెడ్డి నుంచి ఫోన్. చిన్న లోపం" అని రాశాను.

ఫోన్ చేసింది ఎల్లారెడ్డిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆమె. ఐటీఐలో నా దగ్గర చదువుకున్నది. ఆమె సెంటర్లో కిటికీ పక్కనున్న కంప్యూటర్‌కు యూపీఎస్ బ్యాటరీ పాడైంది. కరెంటు పోయినప్పుడల్లా సగం నింపిన ఫారం మొత్తం పోయేది. అంగన్‌వాడీ టీచర్ పోస్టులకు దరఖాస్తులు మొదలైనప్పుడు ఆమె మొర పెట్టుకుంటే, కామారెడ్డిలో ఇంట్లో కూర్చుని ఒక ఉపాయం చేశాను. కొన్ని బ్రౌజర్ల మూల కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. దాన్ని దించుకుని మన అవసరానికి తగ్గ మార్పు చేర్చుకోవచ్చు. దాన్నే ప్యాచ్ అంటారు. నా ప్యాచ్ చేసే పని ఒక్కటే: నింపిన ప్రతి గడినీ వెంటవెంటనే డిస్కులో దాచడం, అదే పేజీ మళ్లీ తెరిస్తే తిరిగి నింపడం, ఫారం పంపగానే దాచింది చెరిపేయడం. పదమూడుసార్లు పరీక్షించి, పదమూడుసార్లూ డైరీలో టిక్కు పెట్టుకున్నాకే ఆమెకు ఇచ్చాను.

"సార్, పొద్దుటి సంది ఈ అక్కది మూడో ఫారం. తెరువంగనే నివాసం కాడ మొదటామె ఊరు వస్తున్నది. ఏంది సార్ గిది?" అన్నది.

"కొద్దిగ ఆగమ్మా. అది తుడిచి చేత్తో కొట్టు. నేను చూసి చెప్త" అన్నాను.

ముందు కారణం తెలియాలి, తర్వాతే మాట. ఉద్యోగమంతా అట్లాగే గడిపాను. మార్పులు ఒక్కొక్కటే తీసి చూస్తూ పోయాను. ఒక్కో మార్పు తర్వాత బ్రౌజర్‌ను మళ్లీ కట్టడానికి, అంటే ఆ కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చడానికి, నా పాత కంప్యూటర్‌కు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ తెర మీద పారే అక్షరాలను చూస్తూ కూర్చోవడమే. నా పరీక్ష పేజీలో అంతా సరిగ్గానే ఉంది. మూడోసారి కట్టాక, దరఖాస్తు పేజీనే తెరిచి చూస్తే అసలు సంగతి తెలిసింది. మామూలు పేజీలో పంపే బటన్ ఒత్తితే బ్రౌజర్‌కు ఒక సంకేతం వెళ్తుంది. చెరిపే పని నేను దానికే ముడిపెట్టాను. ఈ పేజీ తన సొంత పద్ధతిలో పంపుకుంటున్నది. సంకేతం రాలేదు. ఏదీ చెరగలేదు.

అప్పుడు గాని నాకు రెండో ఆమె గుర్తుకు రాలేదు.

ఆ కంప్యూటర్‌లో పొద్దుటి నుంచి ముగ్గురి ఫారాలు నింపారు. తేడా కనబడింది మూడో ఆమెకు. మరి రెండో ఆమె ఫారంలో మొదటామె వివరాలు పోయి ఉంటే? వెంటనే ఫోన్ చేశాను.

"రెండో ఆమె ప్రింటు చూడు. నివాసం వివరాలు చదువు."

కాగితం తిప్పిన చప్పుడు వినబడింది.

"సార్... ఊరు మొదటామెదే ఉన్నది. నివాస సర్టిఫికెట్ నంబరు గూడ. పేరు, మిగతా వివరాలు లాగిన్‌తోనే వస్తయి గదా. ఆ భాగం మూసి ఉండె సార్, నిండినట్టు పచ్చటిక్కు కనవడ్డది, నేను తెరువలే."

ఆ పోస్టుకు ఆ ఊరి మనిషే కావాలి. వేరే ఊరు పడితే దరఖాస్తు చెత్తబుట్టకే. సరిదిద్దడానికి గడువు ఆ సాయంత్రం ఐదు.

"ఆమె ఏది?"

"మీరు ఆగుమన్నప్పుడు గీడనే కూసున్నది సార్, ఆటో కోసం. పోయి అరగంట అయితుండొచ్చు."

ఫారం మళ్లీ తెరవాలంటే ఓటీపీ కావాలి, అది ఆమె ఫోన్‌కే వస్తుంది. ఆ ఫోన్ స్విచ్ఛాఫ్. ఆమె ఊరి దారిన తిరిగే ఆటో అతనితో కబురు పంపమని చెప్పి, ఎల్లారెడ్డి బస్సెక్కాను. దారంతా ఒకటే లెక్క: పదకొండు గంటలకు "అందరి ప్రింట్లు చూడు" అనే ఒక్క మాట అని ఉంటే ఆమె కుర్చీలోంచి లేచేది కాదు.

నాలుగు దాటాక ఆమె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చీర అంచుకు బురద. నాట్ల కాడి నుంచి అట్లాగే వచ్చిందట.

"ఎవలు చేసిన్రు గిది?" అని అడిగింది.

"నేనే బిడ్డా. తప్పు నాది. ఈ అమ్మది కాదు."

"పెద్దమనిషివి బాపు, ఏమనాలె నిన్ను? రెండేండ్ల సంది చూస్తున్న గీ నోటిఫికేషన్ కోసం."

నా ప్యాచ్ లేని వేరే కంప్యూటర్‌లో ఫారం తెరిపించాను. ఓటీపీ వచ్చింది. ఊరు మార్చాం, సర్టిఫికెట్ నంబరు మార్చాం. సెంటర్ ఆమె బటన్ మీదికి బాణం తెచ్చింది.

"ఆగక్కా. నేను చదువుత."

"టైం లేదే, పావు తక్కువ ఐదైతున్నది!"

"గా తొందరల్నే గింతదాక వచ్చింది. జరుగు."

మౌస్ తన చేతిలోకి తీసుకుంది. ఒక్కో గడి మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, తన సర్టిఫికెట్‌తో పోల్చుకుంటూ చదివింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది గాని ఏ క్షణాన కరెంటు పోయి ఆగుతుందోనని నా చూపంతా దాని మీదే. తొందరపెట్టే హక్కు నాకు లేదు. ఐదుకు తొమ్మిది నిమిషాలుందనగా ఆమె వేలు ఆగింది.

"సర్టిఫికెట్ ఇచ్చిన తారీఖు గూడ నాది గాదు."

మేమిద్దరం చూడలేదు. దిద్దింది. పంపింది. తెర కాసేపు తెల్లగా ఉండి, తర్వాత "స్వీకరించబడింది" అని చూపింది. సెంటర్ ఆమె టేబుల్ మీద తల ఆనించింది.

దరఖాస్తు పెట్టుకున్నామె మాత్రం లేవలేదు.

"బాపు, గా కిటికీ కాడి దాంట్ల నాయి ఉన్నయి గదా? ఇంకో ఆమెకు పోతయా?"

"తీసేస్త."

"నా ముందట తియ్యి."

దాచిన ఫైలు చెరిపాను. బ్రౌజర్‌నే తీసేసి మామూలుది పెట్టాను. దరఖాస్తు పేజీ తెరిచి చూపించాను. ఆమె మూసి ఉన్న భాగాలు ఒక్కొక్కటే తెరిచి, అన్ని గడులూ ఖాళీగా ఉన్నాయని చూసుకున్నాకే చెప్పులు వేసుకుంది.