ప్రభుదాస్ గారు తుడిచేసిన జాబితా

గత బుధవారం పొద్దున సుల్తానాబాద్ నుంచి ఫోను వచ్చింది. ప్రభుదాస్ గారి తమ్ముడు. "అన్న పోయిండు సార్. నిద్రలనే పోయిండు" అన్నాడు. సోమవారానికి వస్తానని చెప్పి సెలవు మీద వెళ్ళిన మనిషి. ఆ మాట నాకు చాలాసేపు అర్థం కాలేదు. ఫోను పెట్టేసి కాలేజీకి వెళ్ళి, ఎప్పటిలాగే లైబ్రరీ తాళం తీశాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

ఉట్నూర్‌లోని మా కాలేజీలో ఆయన కంప్యూటర్ ల్యాబ్ చూసేవారు. నేను పక్క గదిలో లైబ్రేరియన్‌ని. ఆయన చర్చికి వెళ్ళే మనిషి, నేను మసీదుకు. ఇద్దరికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరు. సంతాప సభలో కర్మయోగి, మహనీయుడు అన్న మాటలు విన్నాను. ఆయన ఉంటే కుర్చీలో ఇబ్బందిగా కదిలేవారు. నేను చూసినంత వరకే రాస్తాను.

కొత్త కంప్యూటర్ కన్నా మొరాయించిన కంప్యూటర్ అంటేనే ఆయనకు ఇష్టం. ఒకసారి బోథ్‌లోని ఒక బడి నుంచి ఫోను వచ్చింది. అక్కడి కంప్యూటర్లలో ఎక్కించుకోవడానికి ఆయన పంపిన ఇమేజ్, అంటే ఒక కంప్యూటర్‌లో ఉన్నదంతా ఉన్నట్టే తీసిన నకలు, అన్నిటిలోనూ బాగానే ఎక్కిందట. ఒక్క కంప్యూటర్ మాత్రం లేవడం లేదట.

"ఏం మార్చిన్రు?" అని అడిగారు.

"ఏం ముట్టుకోలే సార్."

"ముట్టుకోకుంటే దానంతట అదే అలుగుతదా? జర యాదికి తెచ్చుకోండ్రి."

"లోపల చిన్న బిళ్ళ బ్యాటరీ మార్చినం సార్. గింతే."

"గింతే కాదు, గదే!" అని నవ్వారు. బ్యాటరీ తీసినప్పుడు కంప్యూటర్ తన పాత అమరికకు వెళ్ళిపోయింది. కొత్త పద్ధతిలో తీసిన ఇమేజ్‌ను పాత పద్ధతిలో తెరవాలని చూస్తోంది. ఫోనులోనే చెప్పి సరిచేయించారు. ఫోను పెట్టేశాక, "మనిషి అబద్ధమాడడు భాయ్, మరిచిపోతడు. ఆగి అడుగాలె" అన్నారు.

ఆయన చేసిన పెద్ద తప్పు గురించి రాయకపోతే ఆయన గురించి రాసినట్టు కాదు. మా లైబ్రరీ చేతిరాత రిజిస్టర్లను చెదలు తిన్నాక, ప్రతి పుస్తకం పేరూ కంప్యూటర్‌లో ఎక్కించాను. పక్కనే ఆ పుస్తకం ఎవరికి పనికొస్తుందో ఒక వాక్యం రాశాను. గూడేల నుంచి వచ్చే పిల్లలకు ఏ పుస్తకం అడగాలో తెలియదు, ఆ వాక్యం చదివి అడిగేవారు. తొమ్మిదేళ్ళ పని అది.

ఒక జూన్‌లో ఆయన ల్యాబ్‌లోని ముప్పై కంప్యూటర్లకూ వైరు మీదుగా కొత్త ఇమేజ్ పంపిస్తున్నారు. అది ఎక్కితే కంప్యూటర్‌లో అంతకు ముందున్నదంతా చెరిగిపోతుంది. కరెంటు పోయి వచ్చింది. నా కంప్యూటరూ అదే వైరు మీద ఉంది. తిరిగి లేస్తూనే అది కూడా ఆ వరుసలో చేరింది. ఆయన ముందున్న తెర మీద ముప్పై ఒకటి అని పడింది. ఏదో ఒకటి రెండుసార్లు లెక్కయిందనుకుని ఆయన మీట నొక్కారు.

గంట తర్వాత నా గుమ్మంలో నిలబడ్డారు. "భాయ్, మీ జాబితా తుడుచుకపోయింది. కరెంటు మీదికి నెట్టొచ్చు, ఎవ్వరడుగరు. కనీ చేసింది నేనే."

నెలనెలా కాపీ తీసి దాచిన డిస్కు తెచ్చారు. పెడితే సగం దాకా వచ్చి ఆగిపోయింది. అంతకు ముందువీ అంతే. డిస్కు ఎప్పుడు చెడిందో ఎవరికీ తెలియదు. "తీసుడే తీసిన, ఒక్కపారి గూడ తిరిగి పెట్టి సూడలే" అని నేల మీద కూర్చున్నారు. నేను ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు. మంచివాడినని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

మరుసటి ఆదివారం ప్రార్థన కాగానే తెల్ల చొక్కాతోనే లైబ్రరీకి వచ్చారు. "మీరు సదువుండ్రి, నేను టైపు కొడుత. రిటైరయ్యే లోపల మీ జాబితా మీకు అప్పజెప్పాలె" అన్నారు. అప్పటి నుంచి ఆదివారాలన్నీ మాకు అదే పని. నేను బీరువా దగ్గర నిలబడి పైకి చదివేవాణ్ణి, ఆయన రెండు వేళ్ళతో కొట్టేవారు. పోయిన వాక్యాల్లో చాలావరకు నాకు గుర్తు రాలేదు. అప్పుడు ఆయన ఆ పుస్తకం తీసుకుని నాలుగు పేజీలు చదివి, తనే ఒకటి చెప్పేవారు. ఒక వ్యవసాయం పుస్తకానికి "బాపు మాట వినని కొడుకులకు" అని రాయించారు. అది ఇప్పటికీ అట్లాగే ఉంది, పిల్లలు నవ్వుకుంటూ తీసుకెళ్తారు.

లేచే ముందు ఆనాటి కాపీని ఒక పాత కంప్యూటర్‌లో తిరిగి పెట్టి, తెరుచుకునేదాకా కదిలేవారు కాదు. రంజాన్ నెలలో నా ముందు మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. "మీరు తాగండి సార్" అంటే, "నాకు దూప కాలే" అనేవారు. ఎండాకాలం మధ్యాహ్నం అది.

వచ్చే ఏడాది ఆయన రిటైర్మెంట్. చివరి బీరువా ఒక్కటే మిగిలింది. మూడు నెలల పని అనుకున్నాం.

మొన్న ఆదివారం లైబ్రరీ తెరిచాను. ఒక పుస్తకం తీసి పేరు పైకి చదివాను. కుర్చీ దాకా వచ్చేసరికి సగం మరిచిపోయి, మళ్ళీ వెళ్ళి చూసుకున్నాను. సాయంత్రానికి పదకొండు పుస్తకాలయ్యాయి. ఇద్దరం ఉంటే అరగంట పని. ఆ పని చేసే చేతులు ఇంకెవరివైనా దొరుకుతాయేమో. గుమ్మంలో నిలబడి నేనే చేశానని చెప్పే మనిషి మాత్రం నాకు మళ్ళీ దొరకడు.

జాబితా పూర్తి చేస్తాను, ప్రభుదాస్ గారూ. అప్పజెబుతానన్నది మీరు. పూర్తయిన రోజు దాన్ని ఎవరి చేతుల మీదుగా తీసుకోవాలో తెలియడం లేదు.