న్యోస్ సరస్సు దాకా తోడు నడిచిన సులోచన గారు

ఆ శుక్రవారం మధ్యాహ్నం సులోచన గారి భర్త మాధవరావు గారు ఫోన్ చేసి, "అమ్మా పద్మా, మీ అక్క లేస్తలేదు" అన్నారు. నాకు అర్థం కాలేదు. వారమంతా పాఠాలు చెప్పి అలసిపోయారేమో అనుకుని, "కాసేపు పడుకోనివ్వండి అన్నయ్యా" అన్నాను. అవతల నుంచి ఆయన ఏడుపు వినిపించాక గానీ ఆ మాటలోని దారుణం నా బుద్ధికి ఎక్కలేదు.

షార్జాలోని మా పాఠశాలలో భూగోళశాస్త్రం బోధించిన సులోచన గారు, రువైస్‌లో ఉన్న తమ్ముడింటికి వెళుతూ, కారులో భర్త పక్క సీట్లోనే కన్నుమూశారు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు వైద్యులు. యాభై రెండేళ్ళ వయస్సు. ముందురోజే స్టాఫ్ రూములో నా డబ్బాలోని పులిహోర సగం తిని, "మీ కాకినాడోళ్ళకు కారం అంటే ఏందో తెల్వది" అని నవ్విన మనిషి! రెండు వారాలు గడిచినా ఆమె గురించి భూతకాలంలో రాయడానికి నా చేయి మొరాయిస్తోంది.

మేము రువైస్ ఆస్పత్రికి చేరేసరికి మాధవరావు గారు వరండాలో నిలబడి ఉన్నారు. వచ్చినవారందరికీ అవే మాటలు చెబుతున్నారు. "దారిల ఆగి చాయ్ తాగినం. జెర తల నొస్తున్నది, కండ్లు మూసుకుంట అన్నది. నిద్రవోతున్నదనుకున్న. సలి వెడతదేమోనని ఏసీ తక్కువ జేసిన. రేడియో బంద్ జేసిన. ఊరొచ్చినాంక లేపిన." ఎవరూ ఆయన్ను ఆపలేకపోయాము. హైదరాబాదులో చదువుకుంటున్న కూతురికి ఈ వార్త ఎవరు చెప్పాలో తేల్చుకోలేక, చివరికి ఆయనే చెప్పారు.

సులోచన గారిది హనుమకొండ. ఇన్నేళ్ళ ప్రవాసంలో ఆ ఊరి మాట ఆమె నోట చెక్కుచెదరలేదు. తరగతిలో చక్కని ఇంగ్లీషు. తలుపు దాటి బయటికి వస్తే అచ్చమైన ఓరుగల్లు తెలుగు. ప్రపంచపటం ముందు నిలబడితే ఆమె ముఖంలో ఒక విద్యుత్తు ప్రవహించేది. ఒకసారి ఒక పిల్లవాడు ఆఫ్రికా మధ్యభాగంలో వేలు పెట్టి, ఇక్కడ ఏమీ లేదు కదా మేడమ్ అన్నాడట. ఆ సంగతి నాతో చెబుతూ ఆమె అన్న మాట నాకు జీవితాంతం గుర్తుంటుంది. "పటంల ఖాళీ జాగ ఉన్నదంటే అక్కడ మనుషులు లేరని కాదు పద్మా, గీసినోనికి తెల్వదని!"

ఆమెను ఆఫ్రికాకు నడిపించింది ఒక స్నేహం. ఒక సాయంత్రం దుబాయ్ నైఫ్ బజారులో మేమిద్దరం చీరలకు లైనింగు గుడ్డ కొంటున్నాము. పక్కనే ఒక ఆఫ్రికన్ స్త్రీ, దుకాణదారుడి హిందీ అర్థంకాక అవస్థ పడుతోంది. సులోచన గారు మధ్యలో దూరి బేరం కుదిర్చారు. ఆమె పేరు గ్రేస్. కామెరూన్ దేశంలోని బమెండా నుంచి ఏడాదికి కొన్నిసార్లు వచ్చి, గుడ్డలు కొని, తన ఊరి అంగడిలో అమ్ముకుంటుంది. బమెండా అనగానే మా టీచరమ్మ ఉత్సాహం ఆపుకోలేక, ఇంగ్లీషులో "న్యోస్ సరస్సు అక్కడికి దగ్గరే కదా! నేను పిల్లలకు ఆ పాఠం చెబుతాను" అన్నారు.

గ్రేస్ అక్కడున్న గుడ్డల బేళ్ళ మీద కూలబడింది. "మా అక్క ఆ సరస్సు పక్క ఊరి కోడలు" అంది.

న్యోస్ అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన సరస్సు. వెనకటికి ఒక రాత్రి దాని అడుగున పేరుకున్న బొగ్గుపులుసు వాయువు ఒక్కసారిగా పైకి పొంగి లోయలోకి దిగింది. దానికి రంగు లేదు, చప్పుడు లేదు. నిద్రలో ఉన్న ఊళ్ళు నిద్రలోనే అంతరించాయి. పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాలుగా ఉన్న ఆ ఉత్పాతంలో గ్రేస్ అక్క, ఆమె ఇద్దరు పిల్లలు పోయారు. ఆ తరువాత గ్రేస్ అటువైపు అడుగు పెట్టలేదు. ఆ రోజు సులోచన గారి చేయి పట్టుకుని, "నువ్వు వస్తే నేనూ వెళతాను. ఒంటరిగా నా వల్ల కాదు" అంది.

ఎవరైనా ఇలాంటి మాట విని సానుభూతితో తల ఊపుతారు. సులోచన గారు వేసవి సెలవులకు టికెట్టు కొన్నారు.

2005 వేసవి అది. ఉపాధ్యాయులందరూ సొంత ఊళ్ళకు ప్రయాణమవుతుంటే ఈమె కామెరూన్ వెళతాననడం స్టాఫ్ రూములో పెద్ద పరిహాసమైంది. "ఆ అడవుల్లో ఏముందండీ చూడ్డానికి?" అన్నారొకరు. "సూడనీకి పోతలేను, తోడు పోతున్న" అన్నారామె. వీసా చేతికొచ్చిన రోజు నాతో, "నువ్వు గూడ రారాదు పద్మా? ఏడ్చేటామెను పట్టుకోనీకి నాకొక్క చెయ్యి సాలదేమో" అన్నారు. మా వారు వారం రోజులు అలిగి, చివరికి దోమతెర కొనిచ్చారు.

అడిస్ అబాబా మీదుగా డౌలా నగరంలో దిగితే కుండపోత వాన. అక్కడంతా ఫ్రెంచి. బస్సులో కొండలెక్కి బమెండా చేరేసరికి ఇంగ్లీషు. ఆపైన కొండ కొండకూ ఒక భాష. సముద్రపుగాలి, అరటితోటలు, ఎర్రమట్టి, పొగమంచు, పచ్చికబయళ్ళలో ఫులానీ పశుకాపరుల పొడుగుకొమ్ముల ఆవులు; ఇన్ని దేశాలను ఒక్క దేశంలో ఇమిడ్చిన ఆ వైవిధ్యాన్ని కిటికీలోంచి చూస్తూ ఆమె చంటిపిల్లలా చప్పట్లు కొట్టారు. గ్రేస్ ఇంట్లో మొక్కజొన్నపిండి ముద్ద, ఆకుకూర వడ్డించారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే మా టీచరమ్మ కేక పెట్టారు. "ఓ పద్మా, ఇది మా మక్క గటుకనే! ఈ కూర కామంచాకు గాదూ!" ఆ ఇంటి ఆడవాళ్ళకు మాట తెలియకపోయినా ఆనందం తెలిసింది. వంటింట్లోకి లాక్కుపోయి ఆమె చేత గరిటె తిప్పించారు. మరునాటికి ఆమె ఆ ఇంటి మనిషి.

సరస్సుకు వెళ్ళే దారి వానలకు బురదమయమైంది. జీపు ఒకచోట దిగబడిపోతే, మిగతా దూరం గొడుగులతో నడిచాము. దారిపక్క పాడుబడిన మట్టిగోడల మీద గడ్డి మొలిచి ఉంది. వాటిలో ఏది అక్క ఇల్లో గ్రేస్ పోల్చుకోలేకపోయింది. ఆఖరి మెట్ట కింద ఒక రాతి మీద కూర్చుండిపోయి, "ఇక చాలు. నేను రాను" అంది. ఇంత దూరం వచ్చాక ఇదేమిటని నేను ఏదో అనబోయాను. సులోచన గారు కళ్ళతోనే నన్ను ఆపి, ఆ తడిరాతి మీద ఆమె పక్కన కూర్చున్నారు. వాన కురుస్తూనే ఉంది. తన గొడుగు గ్రేస్ మీదికి వంచి, తాను తడిశారు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెన్నడూ చూడలేదు.

చివరికి గ్రేసే లేచింది. పైకెక్కితే కొండల నడుమ నిండుగా నీలిసరస్సు. మళ్ళీ వాయువు పేరుకోకుండా దింపిన గొట్టంలోంచి, మధ్యలో తెల్లని నీటిధార ఆకాశంలోకి చిమ్ముతోంది. ఇంత మృత్యువును మోసిన జలాశయం అంత అందంగా ఉంది.

"మీ అక్క పేరేమిటి?" అని అడిగారు సులోచన గారు.

"బీ" అంది గ్రేస్.

"పిల్లల పేర్లు?"

"చియా. చిన్నవాడు ఎన్‌గోంగ్."

"నగోం" అన్నారు సులోచన గారు.

"కాదు, ఎన్‌గోంగ్."

"ఎనగోం."

గ్రేస్ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే భోరుమంది. ఏడుస్తూనే, సరిగ్గా పలికేదాకా ఆమెను వదల్లేదు. ఆ పిల్లవాడి పేరు ఆ కొండ మీద ఎన్నిసార్లు వినిపించిందో! తిరిగి వస్తుంటే గ్రేస్, ఇన్నాళ్ళూ ఆ పేర్లు పైకి అనలేదని చెప్పింది. ఆ తరువాత మా పాఠశాలలో న్యోస్ పాఠం చెప్పేటప్పుడు సులోచన గారు ముందుగా ఆ ముగ్గురి పేర్లు చెప్పి, అప్పుడు వాయువు సంగతి చెప్పేవారు.

సులోచన గారు పోయిన వార్త గ్రేస్‌కు చెప్పే భారం నా మీద పడింది. ఫోనులో ఆమె అడిగింది ఒక్కటే. "నిద్రలోనా?" అవునన్నాను. ఆ నెలలో ఎలాగూ దుబాయ్ రావలసిన మనిషి, ప్రయాణం ముందుకు జరుపుకుని మొన్న దిగింది. అప్పటికి సులోచన గారి దేహం హనుమకొండ చేరి పంచభూతాల్లో కలిసిపోయింది. చూడటానికి ఏమీ మిగల్లేదని చెబితే, "అయితే నైఫ్ రా" అంది.

వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళే దుకాణమే. యజమాని టీ తెప్పించి, నా వెనక్కి చూస్తూ, "టీచర్‌జీ నహీ ఆయీ?" అని అడిగాడు. నేను గ్రేస్ వైపు చూశాను. హిందీ రాని గ్రేస్, ఆ బజారులో అందరికీ తెలిసిన ఒక్క మాటతో జవాబిచ్చింది.

"ఖలాస్."

అతను చేతిలోని కొలబద్ద మెల్లగా కింద పెట్టేశాడు.

గ్రేస్ నా వైపు తిరిగి, "మా దగ్గర చావు జరిగిన ఇంటివాళ్ళంతా ఒకే గుడ్డ కట్టుకుంటారు. మా ఇంట్లో చావు జరిగింది. ఆమెకు ఏ రంగు ఇష్టమో నువ్వే చెప్పు" అంది. నెమలికంఠం రంగు చూపించాను. ఇంట్లో ఆడవాళ్ళందరికీ సరిపడా కొలిపించి, విడిగా ఇంకో ముక్క కోయించి నా భుజం మీద వేసింది. "ఇది నీది" అంది.

రేపు పాఠశాలలో సంతాపసభ. ఆ గుడ్డతో కుట్టించిన దుస్తులతోనే వెళ్ళి ఆ విదుషీమణికి, ఆ స్నేహమూర్తికి నమస్కరిస్తాను. ఆమె వంటి బోధకురాలు మా పాఠశాలకు మళ్ళీ రావచ్చునేమో. పరాయి దుఃఖానికి తోడుగా ఖండాలు దాటి నడిచే మనిషి మాత్రం నాకు ఇంకొకరు దొరకరు. ఆమె పక్కన ఉంటే ప్రపంచంలో ఎక్కడికైనా వెళ్ళగలననుకున్నాను. ఇప్పుడు స్టాఫ్ రూములో ఆమె కుర్చీ దాటి నా కుర్చీ దాకా నడవలేకపోతున్నాను.