సీతారాంరావు చిన్నాయన ఫ్రెంచి భోజనం

మా సీతారాంరావు చిన్నాయన భోజనానికి కూర్చుంటే లేవడు. ఇది కోపంతో అంటున్న మాట కాదు, కరీంనగర్‌లో ఆయనను ఎరిగినవాళ్ళందరూ ఒప్పుకునే సంగతి. తిండిపోతేమోనని కొత్తవాళ్ళు పొరబడతారు గానీ ఆయన తినేది గుప్పెడే. ఆ గుప్పెడును ముందు చూస్తాడు. తర్వాత కలుపుతాడు. కలిపినదాన్ని మళ్ళీ చూస్తాడు. ఈలోగా ఏదో ముచ్చట గుర్తొస్తుంది, అది మొదలుపెడతాడు. ముచ్చట అయ్యాక ముద్ద నోట్లోకి వెళుతుంది. ఇక నమలడం సంగతి నేను చెప్పను, మీకూ పనులుంటాయి. ఎవరైనా తొందరపెడితే ఆయన దగ్గర ఒకటే జవాబు.

"అన్నమే గద, పారిపోతదా?"

వృత్తికి వకీలు. మధ్యాహ్నం విరామం తర్వాత ఆయన కేసు పిలిస్తే జూనియర్ లేచి నిలబడేవాడు, ఏమీ చెప్పేవాడు కాదు. జడ్జిగారు ఒకసారి గోడ గడియారం చూసి ఇంకో కేసు పిలిచేవారు. కొత్తగా వచ్చిన ఒక జడ్జి మాత్రం ఊరుకోక మనిషిని పంపి పిలిపించాడట. చిన్నాయన నల్లకోటు వేసుకుని, చెయ్యి కడగకుండా అలాగే వచ్చి వాయిదా అడిగాడట. కారణమేమిటంటే, ఇంకా పెరుగు మిగిలి ఉందన్నాడట. వాయిదా ఇచ్చారనే కోర్టులో చెప్పుకుంటారు.

పెద్దపల్లిలో మా మేనత్త మనవరాలి పెళ్ళి నేను కళ్ళారా చూసిందే. పంక్తులు అయిపోయాయి. బల్లల మీది కాగితాన్ని అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు చుట్టుకుంటూ వచ్చి చిన్నాయన విస్తరికి రెండు వైపులా ఆగిపోయారు. అవతల అప్పగింతలు మొదలయ్యాయి. పెళ్ళికూతురు పెద్దలందరి కాళ్ళకూ మొక్కి, చిన్నతాత ఎక్కడని అడిగితే ఆయన పచ్చిపులుసు దగ్గరున్నాడని తెలిసింది. పాపం ఆ పిల్ల ఏడుపు ఆపుకుని అక్కడికే వచ్చి మొక్కింది. ఎడమ చేత్తో దీవించకూడదు గదా, కుడి చెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగమన్నాడు. పిల్ల ఆగింది. పిల్ల కోసం పెళ్ళికొడుకు ఆగాడు. కారు ముందు బ్యాండువాళ్ళు వాయించిందే వాయిస్తూ నిలబడ్డారు.

ఇలాంటి మనిషిని మా బిడ్డ స్పందన ఫ్రెంచి భోజనానికి పిలిచింది.

స్పందన హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్‌లోని ఫ్రెంచి రెస్టారెంట్ వంటింట్లో చేరింది. ఆ హోటల్‌వాళ్ళు ఏడాదికోసారి, పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళను మధ్యాహ్న భోజనానికి పిలుస్తారు. స్పందన నన్నూ, వాళ్ళమ్మ వనజనూ, చిన్నాయననూ, ఆయన భార్య ప్రమోదిని చిన్నమ్మనూ జాబితాలో రాయించింది. తెలిసే ఈ పని చేశావా అని ఫోన్‌లో అడిగాను. తెలిసే చేశానంది. అక్కడి పద్ధతి ప్రకారం టేబుల్ మీద అందరూ తినడం అయితే గానీ ఒక్క ప్లేటు కూడా తియ్యరట. అన్నీ తీశాకే తర్వాతి వంటకం తెస్తారట.

"బాపూ, మిగతావన్ని తాత ఇష్టం," అంది. "ఆఖరుకు సూఫ్లే అని గుడ్ల నురుగుతోని చేసిన తీపి ఒకటి వస్తది. పొయ్యిల నుంచి తీసినప్పుడు పొంగి ఉంటది, జల్ది తినకుంటె కూలవడ్తది. అది నేను చేసేది."

కూలిపోయి సగం వెనక్కి వస్తే ఏమవుతుందని అడిగాను. వాళ్ళ ఫ్రెంచి షెఫ్ తిరిగొచ్చిన ప్రతి గిన్నెనూ చూస్తాడట. ఏమీ అనడట. ఆ పని మాత్రం మర్నాటి నుంచి ఇంకొకరికి ఇస్తాడట. స్పందనకు ఈ పని అప్పజెప్పి వారమైనా కాలేదు.

దారిలో కార్లో చిన్నాయనకు ఇదంతా విడమరచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. పొంగుతుందా అని అడిగాడు. పొంగుతుందన్నాను. ఎంతసేపుంటుందన్నాడు. నాలుగు మాటలు మాట్లాడుకునేంతసేపు అన్నాను. తర్వాత సిద్దిపేట దాటేదాకా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు.

ఆ రెస్టారెంట్‌లో అడుగు పెట్టగానే మేం నలుగురం గొంతు తగ్గించాం, ఎవరూ చెప్పకుండానే. పైకప్పు ఎక్కడో ఉంది. నేల మీద తివాచీ మా చెప్పుల చప్పుడు మింగేసింది. టేబుల్ మీది తెల్లగుడ్డకు ఒక్క ముడత లేదు, కూర్చుంటే ఏం పాడవుతుందోనని వనజ కాసేపు నిలబడే ఉంది. వెనకనుంచి ఎవరో కుర్చీ జరిపారు. ఒక్కొక్కరి ముందు చెంచాలూ కత్తులూ బారులు తీరి ఉన్నాయి. చిన్నమ్మ వాటిని చూసి, ఇంకా ఎవరన్నా వచ్చేది ఉందా అని నన్నడిగింది.

వడ్డించడానికి వచ్చినాయన నడివయసు మనిషి, కోటు మీద శ్రీహరి అని పేరుంది. మొదటి ప్లేటు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ కలిపి దాని వంశచరిత్ర చెప్పాడు. చిన్నాయన అంతా విని, తలాడించి, ఇంతకూ ఇది ఏమిటని తెలుగులో అడిగాడు. శ్రీహరి అటూ ఇటూ చూసి కొంచెం వంగాడు.

"గుమ్మడికాయ సార్. మాది మందమర్రి."

అక్కడినుంచి ప్రతి వంటకానికీ రెండు ప్రకటనలు జరిగాయి. ఒకటి నిటారుగా నిలబడి, ఒకటి వంగి.

ఆ ప్లేట్ల సంగతి నేను చెబితే నమ్మరు. రెండోసారి వచ్చిన చాటంత తెల్లటి ప్లేటులో మధ్యన, ముత్యాలు రాలినట్టు పచ్చి బఠాణీలు, వాటి మీద గోరంత ఆకు, ఆకు మీద మంచుబిందువులా ఒక నూనెచుక్క. ఇంత పెద్ద ప్లేటులో ఇంతేనా అని చిన్నాయన అంటాడని నేను భయపడ్డాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇవి ఇలా ఎవరు పేర్చారని అడిగాడు.

"ఒక్కొక్కటి చిన్న చిమ్టాతోని పట్టుకొని పెడ్తరు సార్," అన్నాడు శ్రీహరి.

చిన్నాయన నావైపు వంగాడు. కరీంనగర్‌లో ఇన్నేళ్ళూ మనకు గరిటెతో పోశారు గానీ, ఒక్క బఠాణీ ఎక్కడుండాలో ఆలోచించి పెట్టినవాళ్ళు లేరని నాతో మెల్లగా అన్నాడు. పెట్టినవాళ్ళు ఒక్కొక్కటే పెట్టినప్పుడు తినేవాళ్ళు కూడా ఒక్కొక్కటే తినడం న్యాయమన్నాడు. తిన్నాడు కూడా. మా ముగ్గురి ప్లేట్లూ ఖాళీ అయ్యి చల్లారిపోయాయి. శ్రీహరి గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని మొహంలో విసుగు లేదు. ఎవరూ తొందరపెట్టకపోవడం చిన్నాయనకు అలవాటు లేదేమో, రెండుసార్లు తలెత్తి చుట్టూ చూసుకున్నాడు.

తర్వాత చేప వచ్చింది. దాని మీద వెన్నపులుసును మా కళ్ళముందే చిన్న వెండిచెంబుతో పోశారు. ఆ పోయడం దారం తీసినట్టుంది. తర్వాత మాంసం. అది కత్తి ఆనించగానే విడిపోతుంటే వనజ ఊపిరి బిగబట్టింది. పక్క టేబుళ్ళ వాళ్ళు వచ్చారు, తిన్నారు, వెళ్ళారు. వంటింటి తలుపుకు గుండ్రటి అద్దం ఉంది. అందులో అప్పుడప్పుడూ ఒక పొడుగాటి తెల్లటోపీ కనబడి మావైపు చూసి పోతోంది. ఆ టోపీ కింద ఉన్నది షెఫ్ అని నాకు తెలుసు. చిన్నాయన మాత్రం మాంసం పక్కనున్న ఒకే ఒక్క క్యారెట్‌ను అటు తిప్పి ఇటు తిప్పి, మంథనిలో తన చిన్నప్పటి ముచ్చట ఏదో చెబుతున్నాడు.

ఆఖరికి సూఫ్లేలు వచ్చాయి.

తెల్లటి పింగాణీ గిన్నెల్లో, అంచు దాటి, బంగారు రంగులో పైకి లేచి నిలబడి ఉన్నాయి. లోపల గాలి తప్ప ఏమీ లేనట్టు కొద్దిగా వణుకుతున్నాయి. మా బిడ్డ చేసిందంటే నాకే నమ్మకం కుదరలేదు. శ్రీహరి ఈసారి ఇంగ్లీషు మానేసి నేరుగా తెలుగులోనే, వెంటనే తినాలి సార్ అన్నాడు. అని చిన్నాయన వైపు దీనంగా చూశాడు. నేనూ చూశాను. వనజ నా చెయ్యి పట్టుకుంది.

చిన్నాయన చెంచా తీసుకున్నాడు. ముందు చూడలేదు. ముచ్చట మొదలుపెట్టలేదు. చెంచా అలా దిగడం, ఇలా నోటికి వెళ్ళడం, మళ్ళీ దిగడం, రైల్వేస్టేషన్‌లో బండి కదులుతుంటే తినేవాడిలాగా తిన్నాడు. మేం మొదటి చెంచా రుచి చూసేసరికి ఆయన గిన్నె గోడలు గీకుతున్నాడు. గీకి, చెంచా పక్కన పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

ఆ మనిషి భోజనంలో ఒకరికంటే ముందు ముగించడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ పైకప్పు, ఆ వెండిచెంబులు, ఆ బఠాణీలు అన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మేమూ ముగించగానే శ్రీహరి గిన్నెలు తీసుకుని దాదాపు పరుగెత్తినట్టే లోపలికి వెళ్ళాడు.

ఇక లేద్దామా అన్నాను. రెస్టారెంట్‌లో మేమే మిగిలాం, మిగతా టేబుళ్ళ గుడ్డలు తీసేస్తున్నారు. చిన్నాయన బుట్టలో మిగిలిన రొట్టెముక్క ఒకటి తీసుకున్నాడు. దాన్ని చూశాడు. చిన్న తునక తుంచాడు. తుంచినదాన్ని మళ్ళీ చూశాడు.

"గంత జల్ది తిననీకి వచ్చు గద చిన్నాయనా," అన్నాను. "మరి గిన్నేండ్లు మమ్ముల ఎందుకు గోస పెట్టినవు?"

"గది ఆగేది కాదురా," అన్నాడాయన. "రొట్టె ఆగుతది."

ప్రమోదిని చిన్నమ్మ నవ్వింది. ఆయనకు వినబడనట్టు నావైపు జరిగింది గానీ వినబడేటట్టే చెప్పింది.

"నేను గీ ఇంటికి వచ్చినప్పుడు అందరికంటె చిన్న కోడలిని. మొగోళ్లు తిన్నంక అత్తలు, అత్తలు తిన్నంక నేను. ఒక్కదాన్నె, పొయ్యి కాడ. మొదటి దినం మీ చిన్నాయన చూసిండు. పెద్దోళ్ల ముందల నా పక్కకు కూసొని తిను అననీకి రాదు గద. తెల్లారి నుంచి గాయన అన్నం అయిపోకపాయె."

కూరగిన్నె కూడా తన పక్కనే పెట్టుకునేవాడట, ఇంకొకరు ఒంపుకోకుండా. అందరూ లేచిపోయాక ఆమె కూర్చునేది. అప్పుడు ఇద్దరూ కలిసి తినేవారు. కొడుకుకు దవడలు బలంగా లేవని మా నాయనమ్మ డాక్టరుకు కూడా చూపించిందట. తర్వాత వేరుపడ్డారు, అత్తలు లేరు, పొయ్యి కూడా మారింది. ఆయన మాత్రం ఏ ఇంట్లోనైనా, ఏ పెళ్ళిలోనైనా వండినవాళ్ళు కూర్చునేదాకా విస్తరి ముందు నుంచి లేవడం మర్చిపోయాడు.

మాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరు అడగలేదంది. అందరూ నవ్వుకుంటుంటే ఆయనకూ నవ్వులాటగానే ఉండేదంది. చిన్నాయన ఇదంతా తనకు సంబంధం లేనట్టు రొట్టెతునక తిప్పి చూసుకుంటున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుని స్పందన వచ్చింది. తెల్లకోటు మీద పిండి మరకలు, చేతిలో స్టీలు ప్లేటు. వెనకనే ఆ పొడుగాటి టోపీ ఆయన, ఆయన చేతిలోనూ అలాంటి ప్లేటే. ఒక గిన్నె కడిగినట్టు తిరిగొచ్చిందట. తిన్నదెవరో చూడాలని షెఫ్ తానే బయల్దేరాడట. సూఫ్లే గురించి ఏమన్నాడని గుసగుసగా అడిగాను. ఏమనలేదంది. ఆమె మొహం వెలిగిపోతోంది. రాత్రి భోజనాలకు కూడా తననే చెయ్యమన్నాడంది.

చిన్నాయన ఆమె ప్లేటు వైపు చూస్తున్నాడు. అన్నం, పప్పు, కోడిగుడ్డు పులుసు.

"గిదేంది బిడ్డా?"

"మేం తినేది తాతా. అందరిదీ అయినంక వెనుక నిలవడి తింటం."

"పొద్దుగాల నుంచి ఏం తినలేదా?"

"రుచి చూసుడే."

ఆయన పక్క కుర్చీ తానే జరిపాడు. కూర్చోమన్నాడు, నేనింకా తింటూనే ఉన్నానని రొట్టెముక్క చూపించాడు. స్పందన షెఫ్ వైపు చూసింది. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని అప్పటికే చిన్నమ్మ పక్కన కూర్చున్నాడు. నిలబడి తినే అలవాటుకు స్పందన గబగబా కలిపి రెండు ముద్దలు మింగింది.

"మెల్లగ తిను బిడ్డా," అన్నాడు చిన్నాయన. "ఎవ్వరు లేస్తలేరు."

స్పందన చెయ్యి ఆగింది. మూడో ముద్ద నిదానంగా కలిపింది. చిన్నాయన కాసేపు ఆ పప్పు వాసన పీల్చి, తనకూ కొంచెం పెట్టించమని శ్రీహరిని అడిగాడు. శ్రీహరి లోపలికి వెళ్ళి చాటంత తెల్లప్లేటు మధ్యలో గుప్పెడు అన్నం, పప్పు పెట్టి, వెండిమూత కప్పి తెచ్చాడు. నిటారుగా నిలబడి మూత తీసి, దాని పేరు ఇంగ్లీషులో ప్రకటించాడు. చిన్నాయన ముందు దాన్ని చూశాడు. తర్వాత కలిపాడు. షెఫ్ కూడా చెంచా పక్కన పడేసి, ఆయన వేళ్ళు ఎలా తిరుగుతున్నాయో చూస్తూ తన అన్నం కలపడం మొదలుపెట్టాడు.

వనజ అప్పటికే సంచి భుజానికి తగిలించుకుని నిలబడి ఉంది. నేనూ నిలబడే ఉన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని కూర్చున్నాం. శ్రీహరి మా ముందు కూడా చెరొక ప్లేటు పెట్టాడు.