శామీర్‌పేట దాటాక, ఉప్పెక్కిన మడిలో వరి వేర్లు

అప్పటికి రెండేళ్లుగా ప్రయోగశాలలో ఉప్పునీళ్లు పోసి వరి పెంచి, దాని వేర్లు నూరి పరీక్షిస్తున్నాను. ఉప్పు తగిలితే వేరు ఏం చేస్తుందో చదువుకున్నాను. సోడియాన్ని ఆకుల దాకా పోనివ్వకుండా ఆపాలని చూస్తుంది, పొటాషియాన్ని జారిపోనివ్వదు, కణాల్లో నీళ్లు నిలవడానికి ప్రోలీన్ అనే పదార్థాన్ని కూడబెడుతుంది. కుండీలో సరే, నిజం మడిలోనూ ఇంతేనా అని మా పరిశోధన గైడు అడిగారు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఒక ఊళ్లో బోరునీళ్లకు వరి మాడుతోందని తెలిసి, 2003 మార్చిలో ఒక బుధవారం బయలుదేరాను.

మాది మచ్చ బొల్లారం. ఆరున్నరకు అల్వాల్‌లో కరీంనగర్ రోడ్డు మీద ఆర్డినరీ బస్సు ఎక్కితే హకీంపేట, తూంకుంట మీదుగా ముప్పావుగంటలో శామీర్‌పేటలో దించింది. అక్కడి నుంచి మేడ్చల్ వైపు షేర్ ఆటో, పది రూపాయలు. నా ఐసు డబ్బా చూసి డ్రైవరు, "ఏందక్కా, చేపలా?" అన్నాడు. వరి వేర్ల కోసమన్నాను. "ఏర్లకు ఐసా? గిదేం సదువక్కా!" అని నవ్వి, ఊరి మలుపు దగ్గర ఆపాడు.

ఎనిమిదింటికి అండాలమ్మ అనే రైతు పొలం చేరాను. ఆమెకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక మరిది నర్సింహతో కలిసి సాగు చేస్తోంది. బోరు పక్క మడిలో కొత్తరకం వరి కొసలు ఎండి తుప్పురంగుకు తిరిగింది. దాన్ని ఆనుకుని, అవే నీళ్లు తాగుతున్న చిన్న మడిచెక్క మాత్రం పచ్చగా ఉంది. అది ఆమె తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న పాత విత్తనం. రెండింట్లోనూ మట్టిపెళ్లతో సహా మొక్కలు తవ్వి, వేర్లు కడిగి, ఆకులతో పాటు ఐసులో పెట్టుకున్నాను.

పది గంటలకు నర్సింహ వచ్చాడు. గట్టు మీద ప్లాట్ల హద్దురాళ్లు కుప్పగా ఉన్నాయి. ఆయన తెప్పించినవే.

"గీ భూమి సచ్చిపోయింది మేడం. అమ్ముదామంటే మా వదిన ఇనదు."

"సావలేదని నువ్వే జెప్పు బిడ్డా," అంది అండాలమ్మ.

ఫలితం రాకముందు ఏమీ చెప్పొద్దని గైడు నన్ను హెచ్చరించారు. అయినా ఉప్పు కొలిచే చిన్న మీటరు సంచీలో ఉంది. బోరునీళ్లలో పెట్టాను. తర్వాత పక్క పొలంవాళ్ల పాత బావి నీళ్లలో పెట్టాను. బోరులో ఉప్పు మూడింతలకు పైనే.

"భూమి సంగతి ఇప్పుడే చెప్పలేను. కానీ ఉప్పు ఈ నీళ్లతో వస్తోంది. బోరు మొదటినుంచీ ఇంతేనా?"

నర్సింహ బోరునీళ్లు దోసిట్లో పట్టి పుక్కిలించి ఊశాడు. "పోయినేడు నీళ్లు తగ్గితే ఇంకింత లోతుకు దింపిచ్చిన. గప్పటిసంది గిట్లైంది," అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. లేచి వెళ్లి మోటారు ఆపాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. రెండింటికి ఆటోలో మేడ్చల్ చేరి, కొంపల్లి మీదుగా సికింద్రాబాద్ బస్సెక్కాను.

మూడు వారాల్లో లెక్కలు తేలాయి. పాతరకం సోడియాన్ని చాలావరకు వేర్లలోనే ఆపింది, ప్రోలీన్ బాగా కూడబెట్టింది. కొత్తరకం ఆకుల నిండా సోడియమే. సంబరంగా కోతలనాడు మళ్లీ వెళ్లాను. పక్కవాళ్ల బావినీళ్లు అడిగి పారించారట. కొత్తరకం మడి సగమైనా చేతికొచ్చింది. అండాలమ్మ పాతరకం వెన్ను ఒకటి నా చేతిలో పెట్టింది. చాలా తేలిగ్గా ఉంది.

"బతికింది బిడ్డా. గింజే పట్టలే."

"మరి భూమి అమ్మేస్తున్నారా?" అన్నాను.

"ఈ ఏడు కాదు మేడం," అన్నాడు నర్సింహ. "వానలకు ఉప్పు కొట్టుకపోయినంక సూస్త."

ఉప్పును ఓర్చుకున్న మొక్కే గెలిచిన మొక్క అని రెండేళ్లుగా అనుకున్నాను. ఉప్పును ఆపడానికీ ప్రోలీన్ కూడబెట్టడానికీ వేరు వాడిన బలం ఎక్కడినుంచో రావాలి కదా. అది గింజ కావలసిన బలం. నా పట్టికల్లో ప్రోలీన్‌కు గడి ఉంది, గింజకు లేదు. ఆ వేసవిలో పట్టికంతా మళ్లీ గీసుకున్నాను.

ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒక మాట. మోటారు వేయగానే వచ్చే నీళ్లు పరీక్షకని సీసాలో పట్టకండి. అవి గొట్టంలో నిలవున్నవి. పావుగంట పారనిచ్చి, సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి పట్టుకోండి.