చిన్న సెట్టు వాయించిన మధ్యాహ్నం

మా చర్చికి కొత్త డ్రమ్స్ కొనాలని కమిటీవాళ్ళు అనుకున్నారు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, ఈయన ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో వాయించాడట అని ఎవరో చెబితే, కుర్రవాళ్ళంతా నా చుట్టూ చేరి, చిన్న సెట్టు తీసుకుందామా పెద్దది తీసుకుందామా, మీరెలా చెబితే అలాగే అంకుల్ అన్నారు. అడిగింది తేలికైన ప్రశ్నే. పక్క కుర్చీలో మా బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. వచ్చే వారం చెబుతానని తప్పించుకుని, ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

బావంటే మా పెద్దక్క భర్త. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో కాస్త కలిగిన ఇంట్లో పెళ్ళంటే, ఏ మతంవాళ్ళైనా సరే, షామియానాతో పాటు ఆర్కెస్ట్రా కూడా ఉండి తీరాలి. బెజవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల గోడౌన్ మీద ఒక గది అద్దెకు తీసుకుని మా బావ అలాంటి ఆర్కెస్ట్రా నడిపేవాడు. పాడేదీ ఆయనే. కింద చేతిబళ్ళ మీద నుంచి గిన్నెల కట్టలు దించుతుంటే పుట్టే మోతలోనే మా రిహార్సల్స్ జరిగేవి, ఆ మోతను దాటుకుని కూడా ఆయన గొంతు వీధి చివర కాఫీ హోటలు దాకా వినపడేదని అక్కడివాళ్ళు చెప్పేవారు. పాట పై స్థాయికి వెళ్ళేటప్పుడు ఆయన కళ్ళు మూసుకుని మైకును కొంచెం దూరంగా జరిపేవాడు. అది చూడటం కోసమే ఆడవాళ్ళు భోజనాల బంతిలో నుంచి లేచి వచ్చి నిలబడిన పెళ్ళిళ్ళు నాకు తెలుసు. డిగ్రీ తప్పి ఊరి మీద తిరుగుతున్న నన్ను అక్క బతిమాలితే ఆయన తన వెనక కూర్చోబెట్టుకున్నాడు, చేతికి రెండు కర్రలిచ్చాడు.

డ్రమ్స్‌ను అప్పట్లో మేం జాజ్ అనేవాళ్ళం. మొదట మా దగ్గర ఉన్నది చిన్న సెట్టు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఒకటి, ఒళ్ళో పెట్టుకునేటంత స్నేర్ డ్రమ్ము ఒకటి, రెండు మూడు కంచు తాళాలు, అంతే. ఒక రిక్షాలో నాతో సహా పట్టేది. మెత్తని పాటలకు కర్రలు పక్కన పెట్టి తీగల బ్రష్‌లతో రాస్తూ వాయిస్తే, బావ గొంతు కింద పక్క పరిచినట్టు ఉండేది. తర్వాత ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిచ్చి, పెద్ద సెట్టు పిచ్చి. ప్రోగ్రాం మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు ఏం పాటలు పాడతారని అడగడం మానేసి, జాజ్ పెద్దదేనా అండీ అని అడగడం మొదలుపెట్టారు. హనుమాన్ జంక్షన్‌లో ఒక పెళ్ళికొడుకు మేనమామ, లారీల ఓనరు, స్టేజీ ఎక్కి డ్రమ్ముల చుట్టూ తిరిగి, టైర్లలో గాలి చూసుకున్నట్టు ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో తట్టి చూసుకుని తృప్తిగా దిగి వెళ్ళాడు. అందులో సగం నేను వాయించేవి కావు, చూపుకి పెట్టినవి. వాటిలో ఒకదానికి అడుగున చర్మం కూడా లేదు. అక్క ఇచ్చిన పులిహోర క్యారియరును ఆ డ్రమ్ములో పెట్టి వ్యాన్ ఎక్కించేవాళ్ళం, ఎంత గతుకుల రోడ్డైనా భద్రంగా ఉండేది.

అలా కొన్నేళ్ళు బాగానే నడిచింది. ఒక వేసవి పెళ్ళిళ్ళ తర్వాత బావ గొంతులో బొంగురు మొదలైంది. ఆసుపత్రిలో చూపిస్తే, గొంతులో కాయల్లాంటివి లేచాయి, కొన్ని నెలలు పాడటం కాదు కదా మాట్లాడటం కూడా తగ్గించమని డాక్టరు చెప్పాడు. స్టేజీ మీద బాగానే వస్తోంది కదా అని బావ నవ్వేశాడు. బాగానే రావడం లేదు. పై స్థాయి అందుకునే చోట గొంతు చీలిపోతోంది. వెనక కూర్చున్న నాకు అది ముందే తెలిసిపోయేది, ఆయన భుజాలు బిగుసుకునేవి. ఆ క్షణానికి సరిగ్గా నా చేతులు వాటంతట అవే ఆ డ్రమ్ములన్నిటి మీదా పరుగెత్తి, చివర తాళం మీద పడేవి. ఆ హోరులో చీలిక ఎవరికీ వినపడేది కాదు. జనం ఈలలు వేసేవాళ్ళు. ఆయన నన్ను అలా చెయ్యమని ఎన్నడూ అడగలేదు, చేస్తున్నానని నేనూ చెప్పలేదు.

ఇప్పటిలాగా పాడేవాడికి తన గొంతు తనకు వినిపించే స్పీకర్లు మాకు ఉండేవి కావు. నా మోత పెరిగేకొద్దీ తన గొంతు తనకు అందక బావ ఇంకా గట్టిగా పాడేవాడు, గట్టిగా పాడేకొద్దీ అది ఇంకా చెడేది. పెద్ద సెట్టు వాయిస్తే పరువు నిలబడుతుంది, గొంతు పోతుంది. చిన్న సెట్టు వాయిస్తే గొంతుకు కాస్త ఊరట, కానీ నలుగురిలో ఆయన పరువు పోతుంది. ఈ లెక్క ఎటు తిప్పి చూసినా నాకు తెగలేదు. అక్కకు సంగీతం తెలియకపోయినా ఇంట్లో ఆయన దగ్గు తెలుసు. ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, "చిన్నదే తీసుకెళ్ళరా. ఆ మోత మీద అరిచి అరిచి మీ బావ గొంతు పోగొట్టుకుంటున్నాడు," అంది. ఏదోలే అక్కా, చూద్దాం అని గొణిగి బయటపడ్డాను. చిన్నది తీసుకెళితే ఏం జరుగుతుందో ఆమెకు ఎలా చెప్పను?

చివరికి నిర్ణయం నా చేతిలో లేకుండానే వచ్చింది. ఉయ్యూరులో మాకు బాగా తెలిసినవాళ్ళ ఇంట్లో పెళ్ళి. ఉదయం చర్చిలో పెళ్ళి, మధ్యాహ్నం ఇంటి ముందు విందు. పెళ్ళికూతురి నాయనమ్మకు గుండె ఆపరేషన్ అయింది, పెద్ద చప్పుడు వద్దండీ, చిన్న సెట్టు చాలు అని కబురు పెట్టారు. దానికేం భాగ్యం అన్నాడు బావ. అక్క మొహం వెలిగిపోయింది. పెట్టడానికి డ్రమ్ము లేదు కాబట్టి క్యారియరు నా చేతికే ఇచ్చింది. దారి పొడవునా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చెబుదామా వద్దా అని నాలో నేనే కొట్టుమిట్టాడాను. బావ కిటికీ పక్కన కూర్చుని, చెరకు ట్రాక్టర్లను చూస్తూ సన్నగా ఈల వేసుకుంటున్నాడు. ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నాడు. చెప్పలేకపోయాను.

మొదటి పాటలు కింది స్థాయివి, గడిచిపోయాయి. ఆ తర్వాత ముందు వరుసలో పడక కుర్చీలో ఉన్న నాయనమ్మ, బావకు పేరు తెచ్చిన పాట ఒకటి అడిగింది. నా చేతుల్లో బ్రష్‌లు ఉన్నాయి. బావ కళ్ళు మూసుకున్నాడు, మైకు దూరంగా జరిపాడు, భుజాలు బిగుసుకున్నాయి. నా చేతులు అలవాటు కొద్దీ పక్కకు వెళ్ళాయి, అక్కడ కొట్టడానికి ఏమీ లేదు. గొంతు చీలింది. వడ్డించేవాళ్ళు ఒక్క క్షణం తలెత్తి చూసి మళ్ళీ వడ్డనలో పడ్డారు. బావ కళ్ళు తెరిచాడు. ఆ మొహం నేను చూడకుండా ఉండాల్సింది. పాట మాత్రం ఆపలేదు, చరణం కింది స్థాయికి దించుకుని, దాదాపు మాటల్లా చెబుతూ ముగించాడు. నాయనమ్మ చేతులు జోడించింది.

మంచినీళ్ళు తాగడానికని వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచిరా ఇలా?" అన్నాడు.

నేను బ్రష్‌ల తీగలు సరిచేసుకుంటూ కూర్చున్నాను.

"నాకు వినపడలేదురా," అన్నాడు. గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్ళి, మిగతా పాటలు కీబోర్డు కుర్రాడి చేత పాడించాడు.

అదే ఆయన చివరి ప్రోగ్రాం. నెలల తరబడి మౌనంగా ఉన్నాక మాట తిరిగి వచ్చింది, పాట రాలేదు. ఆర్కెస్ట్రా చేతులు మారింది. నేను కొత్త గాయకుడి వెనక ఇంకొన్నాళ్ళు ఆ పెద్ద సెట్టే వాయించి, ఉద్యోగం దొరకగానే మానేశాను. అక్క పోయాక బావ మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంగతి మా మధ్య రాలేదు.

ఇప్పుడు పెద్ద చర్చిల్లో డ్రమ్స్ వాయించే అబ్బాయిని అద్దాల గదిలాంటి దాంట్లో కూర్చోబెడుతున్నారు. ఎంత పెద్ద సెట్టైనా సౌండు చూసే కుర్రాడు ఒక్క వేలితో చప్పుడు తగ్గిస్తాడు, పాడేవాళ్ళ చెవుల్లో వాళ్ళ గొంతు వాళ్ళకు వినిపిస్తాడు. చూస్తుంటే సంతోషంగానే ఉంటుంది. అప్పుడు మాకు ఆ ఒక్క వేలు ఉంటే ఏమయ్యేదో.

పోయిన ఆదివారం చర్చి నుంచి ఇంటికి వస్తూ ఆటోలో బావే డ్రమ్స్ మాట ఎత్తాడు. "పెద్దదే కొనమని చెప్పరా. ఆ చప్పుడులో నేనూ కాస్త పాడుకోవచ్చు," అన్నాడు.

పెద్దదే చెబుతాను. కొత్త సెట్టు వస్తుంది, కుర్రవాళ్ళు హోరెత్తిస్తారు, మా బావ కళ్ళు మూసుకుని పాడుకుంటాడు. పక్క కుర్చీలోనే ఉంటాను కానీ, నాకు వినపడదు.