ఎముక కణాలను ఆకాశానికి పంపిన వరహాలమ్మ గారు

డాక్టర్ వరహాలమ్మ గారు ఇక లేరన్న వార్త గత గురువారం పొద్దున్న, నేను ప్రయోగశాల తాళం తీస్తూండగా చేరింది. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. "అక్క ఎలిపోయిందమ్మా" అన్నాడు. నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ముందురోజు సాయంత్రమే ఆసుపత్రి మంచం మీద కూర్చుని నన్ను చీవాట్లు పెట్టిన మనిషి! దిగ్భ్రాంతి, దుఃఖం తరవాత వచ్చాయి. ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోవాలని నాకూ లేదు.

శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ వచ్చి పట్టాల పనిలో చేరిన ఒక గ్యాంగ్‌మన్ ఇంట జన్మించారామె. తెలుగు ఇంట్లో, హిందీ బడిలో, శాస్త్రం కేవలం తన పట్టుదలతో నేర్చుకున్నారు. ఆ ఊళ్లోనే తోర్వా వైపు రైలు పట్టాలను ఆనుకుని ఉన్న మా కళాశాలలో ఉద్యోగ జీవితమంతా జీవశాస్త్రం బోధించారు. నేను అక్కడే ఆమె శిష్యురాలినై, అక్కడే సహాయకురాలిగా కుదురుకున్నాను. "ఇక్కడ కూర్చుని అంతరిక్ష పరిశోధనా?" అని నవ్వినవాళ్లకు ఆమె సమాధానం ఒక్కటే: "ఎముకలు పెద్ద ఊళ్లోవాళ్లకే ఉంటాయేటి?"

ఆ ప్రశ్న వెనక ఆమె తల్లి ఉంది. రైల్వే క్వార్టర్ గడప దాటుతూ పడి, తుంటి విరిగిన ఆ ముసలావిడ మళ్లీ లేవలేదు. వయసుతో ఎముక ఎందుకు గుల్లబారుతుందో తేల్చాలని కూతురు అప్పుడే పంతం పట్టింది. శరీరభారం తెలియని అంతరిక్షంలో ఎముకను కట్టే కణాలు తొందరగా మందగిస్తాయి. వృద్ధాప్యంలో ఏళ్ల తరబడి సాగే క్షీణత అక్కడ కొద్ది వారాల్లోనే కనబడుతుంది. అలాంటి కణాలను చిన్న పెట్టెలో పైకి పంపితే, ఏ మందు వాటిని మళ్లీ పనిలోకి దింపుతుందో త్వరగా తెలుసుకోవచ్చని ఆమె ఆశయం. ఎన్నో తిరస్కారాల తరవాత మా పెట్టెకు ఒక రాకెట్ ప్రయోగంలో చోటు దొరికింది.

పైకి వెళ్లే పెట్టెకు నేల మీద ఒక కవల ఉండాలి. అవే కణాలు, అదే వేడి, అదే వేళకు ఆహారం. కణాలకు పెట్టనిదే ఆమె తన టిఫిన్ డబ్బా మూత తీసేవారు కాదు. మా కవల పెట్టె ప్రయోగశాలలోనే ఉండేది. పైపెట్టె తిరిగొచ్చాక పోల్చి చూస్తే, తేడా మేం అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువగా ఉంది. కళాశాలంతా పండగే. డైరెక్టర్ గారు మిఠాయిలు పంచారు. పత్రికలవాళ్లు ఫోటోలు తీసుకున్నారు.

ఆ వారమే మమ్మల్ని అభినందించడానికి హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చారు. టీ తాగుతూ ఉలిక్కిపడి, బల్ల పట్టుకుని "భూకంపమా?" అన్నారు. మేమంతా గొల్లున నవ్వాం. "కాదు సార్, బొగ్గు రైలు. రోజంతా పోతూనే ఉంటాయి" అన్నాను. రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాళ్లం, గోడలు అదురుతాయన్న సంగతే ఏనాడో మరిచిపోయాం. వరహాలమ్మ గారి నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. కవల పెట్టె వైపు చూసి, "అయ్యో అమ్మీ, దీన్ని రోజంతా రైలు ఊపుతూనే ఉంది కదేటి!" అన్నారు. సన్నటి అదురు తగిలితే ఎముక కణాలు చురుకవుతాయని మాకు పాఠం చెప్పింది ఆమే. నేల మీది కణాలు రైలు చలవతో బలిసి ఉంటే, తేడాలో అంతరిక్షం వాటా ఎంతో ఎవరు చెప్పగలరు?

అది తేల్చేదాకా ఆమె ఊరుకోలేదు. ఊరి బయట, రైలు చప్పుడు సోకని బోద్రీలో ఒక కోర్టు గుమాస్తా ఇంటి వెనక గది తీసుకుని, అక్కడ ఇంకో పెట్టె పెట్టించారు. పొద్దునా సాయంత్రం నేను స్కూటర్ మీద వెళ్లి కణాలకు ఆహారం మార్చి వచ్చేదాన్ని. "ఇందులో ఏం పెంచుతున్నారు మేడమ్?" అని గుమాస్తా గారు హిందీలో అడిగితే, "అచ్ఛా, మీ ముసలితనానికి ఎముకలు" అని ఆమె హిందీలోనే చమత్కరించేవారు. చివరికి తేలింది. అదురు లేని బోద్రీ కణాలు మా ప్రయోగశాల కణాలంత ఎముక కట్టలేదు. మేం ఊరంతా చాటుకున్న ఫలితం నిలిచేది కాదు.

"ఇప్పుడు ఇదంతా ఎందుకండీ? రెండో పెట్టెను కూడా పైకి పంపడానికి చోటిస్తామంటున్నారు. ఈ మాట బయటపడితే అదీ పోతుంది" అన్నారు డైరెక్టర్ గారు. "పోతే పోనీండి. తప్పుడు ఫలితం మీద మందు తయారైతే మింగేది మా అమ్మలాటోళ్లే" అన్నారామె.

ఆ ఫలితాన్ని నమ్మవద్దని, మా పెట్టెను పైకి పంపిన సంస్థకు ఆమె ఒక ఉత్తరం రాసి సంతకం చేశారు. పని ఇద్దరిదీ కనక నా సంతకం కూడా కావాలి. నిజం చెప్పాలి. నేను జంకాను. రెండో పెట్టె పోతే ప్రయోగశాల మూతపడుతుందేమోనని రోజుకో సాకు చెప్పాను. ఈలోగా ఆమె ఆసుపత్రి పాలయ్యారు. ఆ చివరి సాయంత్రం చీవాట్లు అందుకే. "ఏటమ్మీ, సంతకం ఎట్టవేటి? బయమేటి?" అన్నారు. "రేపు పెడతాను మేడమ్" అన్నాను. ఆ రేపటికి ఆమె లేరు.

నిన్న సంతాప సభ జరిగింది. డైరెక్టర్ గారు మైకు అందుకుని, "మన మొదటి ఫలితాన్నే మేడమ్ పేరున ప్రచురిద్దాం. ఆ మహనీయురాలికి ఇంతకన్నా నివాళి ఏముంటుంది?" అన్నారు. చప్పట్లు మోగాయి. నేను లేచాను. "ఆమె ఒప్పుకోని ఫలితం ఆమె పేరున ఎలా వేస్తారండీ?" అన్నాను. "దుఃఖంలో ఉన్నారు, కూర్చోండమ్మా" అన్నారు. కూర్చోలేదు. బోద్రీ సంగతి మొదటి నుంచి చివరిదాకా అందరి ముందూ చెప్పాను. ఆ తరవాత ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ నిర్భీతి, ఆ సత్యనిష్ఠ మూర్తీభవించిన గురువు నాకు మళ్లీ దొరకరు. ఆమె కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టినా ఆ లోటు పూడదు. రెండో పెట్టె పైకి వెళ్తుందో లేదో నాకు తెలియదు. కాదంటే మళ్లీ అడుగుతాను. మళ్లీ కాదంటే మళ్లీ అడుగుతాను. అంతేగాని ఆమె పేరుకు అబద్ధాన్ని అంటనివ్వను.

ఈ ఉదయం ఆ ఉత్తరంలో ఆమె సంతకం కింద నా సంతకం చేసి పంపించేశాను. ఆలస్యమైంది మేడమ్. క్షమించండి.